‘లేటెస్టే’ అంటే ఎంత?

“లేటెస్టేనమ్మా!”

ఈ ఒక్క మాట విన్నప్పుడల్లా నాకు వొళ్ళు మండుకొస్తుంది. కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు అనేదీ ఇదే, ఇంట్లో మావారు అనేదీ ఇదే, బెంగుళూరు నుంచి ఫోనులో కొడుకులు అనేదీ ఇదే. “ఇందులో వేసిన విండోసు ఏదయ్యా?” అంటే “లేటెస్టే.” “పిల్లకి వేసిచ్చిన పైథాన్ ఏదయ్యా?” అంటే “అదీ లేటెస్టే.” ఇదేం జవాబండీ? గోపాలపట్నం రైతుబజారుకెళ్ళి “వంకాయలు కిలో ఎంత?” అని అడిగితే “చవకేనమ్మా” అన్నవాడి దగ్గర మనం సంచీ చాపుతామా? “చవకో కాదో నేను చూసుకుంటాను గానీ, ముందు రేటు చెప్పు నాయనా” అనమూ?

మరి కంప్యూటరు దగ్గరకొచ్చేసరికి ఆ నోరు ఏమైపోతోంది? ఇవాళ నేను తగువు పెట్టుకోదలచుకున్నది ఈ విషయం మీదే. ‘లేటెస్టు’ అనేది వెర్షను కాదు. వెర్షను అంటే ఒక నంబరు. ఆ నంబరు తెలుసుకునే హక్కు ఇంట్లో కంప్యూటరు ముట్టుకునే ప్రతి మనిషికీ వుంది. అందుకు కావలసిన విద్య మూడక్షరాల పాటిది. ఆ మూడక్షరాలూ నేర్పకుండా మనల్ని ‘లేటెస్టే’ అన్న మాటతో సరిపెట్టడం నాకు అవమానంగా తోస్తుంది. మీకు తోచదూ?

అసలు తనిఖీ అనేది మనకి కొత్తా? గ్యాసు బండ వస్తే దాని మెడ దగ్గర లోపలివైపు బద్దీ మీద అక్షరం, అంకె రాసి వుంటాయి. ‘ఏ’ అంటే జనవరి నుంచి మార్చి, ‘బి’ అంటే ఏప్రిల్ నుంచి జూన్, ‘సి’ అంటే జూలై నుంచి సెప్టెంబరు, ‘డి’ అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. పక్కనున్న అంకె సంవత్సరం. ఆ గడువులోగా బండకి మళ్ళీ పరీక్ష జరగాలి. గడువు దాటితే “ఇది పట్టుకెళ్ళి ఇంకోటి తీసుకురా బాబూ” అంటాం. నగ కొంటే భూతద్దం అడిగి మరీ ఆరక్షరాల హాల్‌మార్క్ గుర్తు చూస్తాం. 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేని హాల్‌మార్కు నగ అమ్మకూడదని నిబంధన. మందుబిళ్ళల అట్ట తిప్పి తేదీ చూస్తాం. ఉగాదికి పంచాంగం కొనేటప్పుడు అట్ట మీద ఏ సంవత్సరమో చూసుకోకుండా కొన్న ఇల్లాలిని నేనైతే ఎరగను. నిరుటి పంచాంగం చూసి ఈ ఏడు పెళ్ళికి ముహూర్తం పెట్టుకుంటామా?

ఇన్ని చూసేవాళ్ళం. ఇవన్నీ చూస్తే “ఎంత జాగ్రత్తపరురాలో” అని మెచ్చుకుంటారు. అదే మనిషి కంప్యూటరు వెర్షను అడిగితే మటుకు “అదేటమ్మా, అదంతా మీకెందుకూ? నాను ఏసీసినాను కదా, లేటెస్టే!” అని నవ్వుతారు. ఆ నవ్వే నాకు గిట్టనిది.

వెర్షను నంబరంటే ఏమిటో చెప్పుకుందాం. ఒక ప్రోగ్రామును తయారుచేసినవాళ్ళు దాన్ని దిద్దుతూ వుంటారు. దిద్దినప్పుడల్లా ఒక నంబరిస్తారు. సాధారణంగా చుక్కలతో విడదీసిన రెండు మూడు అంకెలుంటాయి. మొదటిది మారితే ఇల్లు పడగొట్టి కట్టినట్టు. రెండోది మారితే కొత్త గది వేసినట్టు. మూడోది మారితే కారుతున్న చోట మాటు వేసినట్టు. అందరూ ఈ పద్ధతి తు.చ. తప్పకుండా పాటించరు గానీ, చాలావరకు లెక్క ఇదే.

ఇక్కడ బాగా చదువుకున్నవాళ్ళు కూడా పడే తిరకాసు ఒకటుంది. 3.9 పెద్దదా, 3.10 పెద్దదా? లెక్కల మాస్టారిని అడిగితే 3.9 అంటారు. కానీ ఇవి దశాంశాలు కావు. మన విశాఖపట్నంలో ఇంటి నంబర్లు చూడండి. 3-9 తరవాత 3-10 వస్తుంది, పోస్ట్‌మాన్ కూడా అలాగే నడుస్తాడు. వెర్షన్లూ అంతే. 3.10 అంటే 3.9 తరవాత వచ్చినదన్నమాట. పోస్ట్‌మాన్‌కి తెలిసిన లెక్క మనకి తెలియకపోదు.

ఈ నంబరుతో మనకేం పని అంటారా? మా వీధిలో ఒకావిడ కూతురు ఇంజనీరింగు రెండో ఏడు చదువుతోంది. కాలేజీలో రాసిన పైథాన్ ప్రోగ్రాము అక్కడ చక్కగా నడిచింది. ఇంటికొచ్చి అదే అక్షరం పొల్లుపోకుండా ఎక్కిస్తే తప్పు, తప్పు అని ఎర్రగీతలు. అన్నగారొచ్చి చూసి “నీకు రాయడం రాలేదు” అని తేల్చేశాడు. పిల్ల రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు, తనకీ చదువు అబ్బదేమోనని. తల్లి పదో తరగతితో ఆపేసిన మనిషి. ఆవిడ వంటింట్లోంచే ఒక మాట అడిగిందిట: “అక్కడి దానికీ ఇక్కడి దానికీ ఒకటే నంబరుందేటే? మన కుక్కరు మూడు కూతలకి ఉడికితే, పిన్నివాళ్ళ కుక్కరుకి అయిదు కావాలి కదా!”

పిల్ల అప్పుడు చూసింది. కాలేజీలో వున్నది 3.11. ఇంట్లో ‘లేటెస్టే’ అని వేసిచ్చినది 3.8! ఆ పిల్ల రాసినదాంట్లో ‘మ్యాచ్’ అనే వాక్యం వుంది. అది పైథానులోకి వచ్చిందే 3.10తో, అంటే 2021 అక్టోబరులో. 3.8కి ఆ మాట అర్థం కాదు. ఆ మాట పుట్టకముందు పుట్టిన వెర్షను అది. తప్పు పిల్లది కాదు, ఆ నంబరుది. రెండు రోజుల ఏడుపు ఒక్క ప్రశ్నతో తీరిపోయింది. ఇంతా చేసి ఆ ప్రశ్న అడిగింది ఇంట్లో అందరికంటె తక్కువ చదువుకున్న మనిషి. ఇలా అడిగే తల్లి పక్కన లేక, తనకి తెలివితేటలు లేవనుకుని పుస్తకం మూసేసిన ఆడపిల్లలు ఎంతమంది వుంటారో ఆలోచించండి.

ఇక చూడటమెలాగో చెబుతాను. మామూలుగా మనం చూసే కంప్యూటరు తెర బొమ్మలతో, రంగులతో నిండి వుంటుంది. అది అలంకారం. మన సింహాద్రి అప్పన్నని ఏడాది పొడుగునా చందనంలోనే చూస్తాం. అక్షయ తృతీయనాడు చందనోత్సవంలో మాత్రమే నిజరూప దర్శనం. అందుకోసం తెల్లవారుజాము నుంచే కొండకింద బారులు తీరి నిలబడతాం. కంప్యూటరు నిజరూపం చూడటానికి మాత్రం ఏడాది ఆగక్కర్లేదు, వరసలో నిలబడక్కర్లేదు. విండోసు గుర్తున్న మీటా, ‘ఆర్’ మీటా కలిపి నొక్కండి. చిన్న పెట్టె వస్తుంది. అందులో సి, ఎం, డి అని మూడక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. నల్లటి తెర తెరుచుకుంటుంది. దాన్నే కమాండ్ లైన్ అంటారు.

నల్ల తెర చూడగానే గుండె ఝల్లుమంటుంది, నిజమే. సినిమాల్లో దొంగలు ఇలాంటి తెర ముందే కూర్చుంటారు కదా! కానీ ఇది ఎంత మర్యాదస్థురాలో చూడండి. మీరేమీ అడక్కముందే మొదటి వరసలోనే తన పేరూ, వెర్షను నంబరూ చెప్పుకుంటుంది. ఆ వరస పైకి జరిగిపోతే వి, ఇ, ఆర్ అని కొట్టండి, మళ్ళీ చెబుతుంది. నేను చెప్పిన మూడక్షరాల విద్య ఇదే. ఇందులో దేన్నీ మార్చేది లేదు, చెరిపేది లేదు. అడిగితే పగిలిపోయే సామాను కాదు కంప్యూటరు.

అక్కడ కనబడే నంబరులో ఒక చమత్కారముంది. పెట్టె మీద రాసిన పేరూ, లోపల చెప్పే నంబరూ కలవవు. ‘ఏడు’ అని పేరు పెట్టుకున్న విండోసు, లోపల అడిగితే 6.1 అంటుంది. ఎక్స్‌పీ 5.1 అంటుంది. పదకొండు అని గొప్పగా అమ్మినది కూడా లోపల 10.0 అనే చెబుతుంది! పెళ్ళిచూపుల్లో చెప్పిన వయసూ, స్కూలు సర్టిఫికెట్టులో వయసూ కలవనట్టు. కంగారు పడకండి. మూడో సంఖ్య చూడండి. అది 22000, అంతకుమించి వుంటే పదకొండు. 19045 అని వుంటే పది, అదీ పదిలో ఆఖరిది. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, విండోసు పదికి ఉచితంగా ఇచ్చే మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. అడిగి నమోదు చేసుకున్న ఇళ్ళకి మాత్రం 2026 అక్టోబరు దాకా పొడిగింపు ఇచ్చారు. మరి మీ ఇంట్లోది ఏది? ‘లేటెస్టే’ అన్న మాట ఈ ప్రశ్నకి జవాబు చెప్పగలదా?

తక్కిన ప్రోగ్రాములకి కూడా ఇలాగే అడగొచ్చు. ప్రోగ్రాము పేరు, ఒక ఖాళీ, రెండు చిన్న గీతలు, ఆ వెంటనే ఆంగ్లంలో వెర్షన్ అనే మాట. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన ‘గ్నూ’ అనే ఉద్యమం వాళ్ళు, తమ ప్రోగ్రాము ప్రతిదీ ఈ ప్రశ్నకి జవాబు చెప్పి తీరాలని నియమం పెట్టుకున్నారు. ఎంత మంచి నియమం! కానీ అందరూ ఒక్క మాట మీద వుంటే అది లోకమెందుకవుతుంది? జావాకి ఒక గీత చాలు. పైథానుకి ఒక గీతా, పెద్ద ‘వి’ అక్షరమూ అయినా సరే. పొరపాటున చిన్న ‘వి’ కొట్టారో, వెర్షను చెప్పడానికి బదులు తను ఏయే సామాను ఎక్కడెక్కడినుంచి తెచ్చుకుందో వంశవృక్షమంతా ఏకరువు పెడుతుంది. ‘మీ పేరేమిటండీ’ అంటే ముత్తాతగారి దగ్గరనుంచి మొదలుపెట్టే బంధువులు మనకి లేరూ? అలాగే సర్దుకోవాలి.

ఇదంతా సరదా కబుర్లే అనుకోవద్దు. 2017 మే 12 గుర్తుందా? ‘వన్నాక్రై’ అనే పీడ ఆ రోజు ప్రపంచం మీద పడింది. కంప్యూటర్లోని ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, మూడువందల డాలర్లు కడితేగానీ తీయనంటూ ఎర్ర తెర చూపించింది. సుమారు 150 దేశాల్లో రెండు లక్షల పైచిలుకు కంప్యూటర్లు చిక్కుకున్నాయి. ఇంగ్లాండులో ప్రభుత్వాసుపత్రులు రోగులని వెనక్కి పంపాల్సి వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. ఆ జిల్లాల్లో మన విశాఖపట్నం, శ్రీకాకుళం పేర్లు కూడా పత్రికల్లో వచ్చాయి.

గుండెల్లో గుచ్చుకునే సంగతేమిటంటే, ఆ కన్నానికి మాటు అప్పటికి రెండు నెలల కిందటే, మార్చి 14నే, మైక్రోసాఫ్టు విడుదల చేసి వుంచింది. వేసుకున్నవాళ్ళు బతికిపోయారు. దెబ్బతిన్నవాటిలో చాలా భాగం విండోసు ఏడు నడిచేవి. మాటు వుండీ వేసుకోనివి. వాటి ముందు కూర్చున్నవాళ్ళలో ఎవరైనా ఆ రెండు నెలల్లో ఒక్కసారి నంబరు చూసి, “దీనికి మరమ్మతు పడిందా?” అని అడిగి వుంటే? అడిగేవుండరు. “అంతా లేటెస్టే” అని ఎవరో చెప్పే వుంటారు.

“అయితే ఎప్పటికప్పుడు లేటెస్టు వేసుకుంటే పోలేదూ?” అంటారు కొందరు తెలివైనవాళ్ళు. అక్కడే వున్నాను నేను కూడా! 2024 మార్చిలో ఏం జరిగిందో వినండి. లైనక్సు కంప్యూటర్లలో ‘ఎక్స్‌జెడ్’ అని ఫైళ్ళని అణిచి చిన్న మూట కట్టే ప్రోగ్రాము ఒకటుంది. దాంట్లోకి ఎవరో కొన్నేళ్ళపాటు మంచివాడిలా మసలి, నమ్మకం సంపాదించి, ఒక దొంగదారి పెట్టారు. అది ఏ వెర్షన్లలో వుందనుకున్నారు? 5.6.0, 5.6.1. అప్పటికి అన్నిటికంటె లేటెస్టు అవే! పాత 5.4తో సరిపెట్టుకున్నవాళ్ళు హాయిగా నిద్రపోయారు. లేటెస్టు కావాలని తొందరపడినవాళ్ళకే ముప్పు వచ్చింది. ఆ రోజున ప్రపంచమంతటా ఇంజనీర్లు పరుగున వెళ్ళి నల్ల తెర తెరిచి కనుక్కున్నది ఒక్కటే: “నీ నంబరెంత?”

దాన్ని పట్టుకున్నది ఎలాగో తెలుసా? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, కంప్యూటర్లోకి ప్రవేశించడానికి మామూలు కంటె అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. అర సెకను! “ఏమిటీ ఆలస్యం?” అని తవ్వుకుంటూ పోయి దొంగదారిని మార్చి 29న బయటపెట్టాడు. పాలు రోజూ కంటె రెండు నిమిషాలు ఆలస్యంగా పొంగితే “ఇవాళ నీళ్ళు కలిపాడు” అని పట్టేసే మనకి ఈ విద్య కొత్తా చెప్పండి? ఆయనకి వున్నదీ ఆ చూపే. లోకం దాన్ని ఇంజనీరింగు అంది, మన దగ్గరుంటే చాదస్తమంటుంది.

ఇంకో సంగతి. నల్ల తెర అంటే భయమున్నవాళ్ళనే మోసగాళ్ళు వెతుక్కుంటారు. “మీ కంప్యూటర్లో వైరసుందమ్మా, మేం కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం” అని ఫోను చేస్తారు. మనచేతే నల్ల తెర తెరిపించి ఒక మాట కొట్టిస్తారు. ఒక పొడుగాటి నంబరు వస్తుంది. “అది మీ లైసెన్సు నంబరు, నేను ఇక్కణ్ణించే చదువుతాను, సరిపోయిందా?” అంటారు. సరిపోతుంది! ఎందుకంటే ఆ నంబరు ఏ విండోసులో చూసినా ఒకటే. ఊళ్ళో అందరి ఇంటికీ తలుపుంటుందని చెప్పి, “మీ ఇంటికి తలుపుంది కదా, చూశారా నాకెలా తెలుసో” అన్నట్టుంటుంది వ్యవహారం. ఆ తెరతో ముందే పరిచయమున్న మనిషి “సరే నాయనా” అని ఫోను పెట్టేస్తుంది. పరిచయం లేని మనిషి బ్యాంకు వివరాలు చెప్పేస్తుంది. ‘మీకెందుకమ్మా’ అని మనల్ని దూరం పెట్టినవాళ్ళు ఆ పోయిన డబ్బు తెచ్చిస్తారా?

ఆఖరి అభ్యంతరం ఒకటి మిగిలింది. అది అన్నిటికంటె మెత్తనిది, అందుకే అన్నిటికంటె ప్రమాదకరమైనది. “ఎవరో ఒకరు చూసుకుంటారులెండి.”

ఈ మాట గోపాలపట్నంలో మాత్రం అనకండి. మా పక్కనే ఆర్.ఆర్. వెంకటాపురం. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి నిద్రలో వున్న ఇళ్ళ మీదికి వచ్చింది. 12 మంది పోయారు. తరవాత ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ చెప్పిన లోపాల్లో ఒకటి ఇది: ట్యాంకు అడుగున వేడి ఎంతో చూసే సాధనముంది గానీ, పైపొరల్లో వేడి కొలిచే ఏర్పాటే లేదు. అడుగున అంకె బాగానే కనబడింది. పైన వేడెక్కింది. కంప్యూటరు వెర్షనుకీ, మనుషుల ప్రాణాలకీ పోలిక తేవడం నా ఉద్దేశం కాదు, అది మహాపాపం. నేననేది, కొలవాల్సిన చోట కొలవకుండా ‘అంతా బాగానే వుంది’ అనుకునే అలవాటు గురించి. ఆ అలవాటు ఎక్కడైనా ఒకటే. వంటింట్లో వున్నా, ఫ్యాక్టరీలో వున్నా, ఆసుపత్రి కంప్యూటర్లో వున్నా, ఎవరో చూసుకుంటారన్న చోట ఎవరూ చూడరు.

అందుకని అక్కయ్యలూ, వదినగార్లూ, నా మాట విని ఈ ఆదివారం మధ్యాహ్నం ఒక్క అయిదు నిమిషాలు కేటాయించండి. నల్ల తెర తెరవండి. వి, ఇ, ఆర్ కొట్టండి. వచ్చిన నంబరుని, గ్యాసు బండ ఎప్పుడొచ్చిందో రాసుకునే ఆ కేలెండరు మీదే తేదీతో సహా రాసుకోండి. నెలకోసారి చూడండి, చివరి అంకెలు పెరుగుతున్నాయో లేదో. పెరగకపోతే మరమ్మతులు పడటం లేదన్నమాట, గట్టిగా అడగండి. పక్కన ఆడపిల్లని కూచోపెట్టుకుని మరీ చూడండి, అది మన దగ్గరే నేర్చుకోవాలి.

మళ్ళీ ఎవరైనా “లేటెస్టేనమ్మా” అంటే, నవ్వుతూనే అనండి: “సంతోషం బాబూ. నంబరు చెప్పు.”